షుగర్ సూది, ఒంటి బరువు, మన కిడ్నీలు

(శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో ఉదయపు నడకకు వచ్చేవారి కోసం ఒక ఆదివారం ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. నాలుగు రౌండ్లు నడిచి చెమటతో ఉన్నవాళ్ళని కూర్చోబెట్టాను. నీళ్ళ సీసాలు దగ్గర పెట్టుకుని తాగుతూ వినండి. నీళ్ళ మాట ఊరికే అనడం లేదు. ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో దానికి పెద్ద చోటుంది.

మొన్నామధ్య ఒక సాయంత్రం సోంపేట వైపు నుంచి ఒకమ్మాయిని కారు కట్టించుకుని మా క్లినిక్కి తీసుకొచ్చారు. ఆమె ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. ముప్పయి దాటిన వయసు, ఇద్దరు పిల్లలు. ఐదు రోజులుగా తిండి లేదు. "అన్నం సూత్తేనే డోకొచ్చేత్తంది డాట్రమ్మా" అని అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాలుక అట్ట కట్టినట్టు ఎండిపోయింది. బీపీ పడిపోయింది. పొద్దుట్నుంచి మూత్రమే రాలేదట. ఏమైనా మందులు వాడుతున్నావా అమ్మా అంటే తల అడ్డంగా ఊపింది. అత్తగారిని బయట కూర్చోమని మళ్ళీ అడిగాను. అప్పుడు హ్యాండ్‌బ్యాగులోంచి ఒక పెన్ను తీసింది. రాసుకునే పెన్ను కాదు, సూది ఉండే పెన్ను. "ఒళ్ళు తగ్గడానికి మేడమ్. వారానికి ఒకటి." తెలిసినవాళ్ళ ద్వారా కొనుక్కుంది. చీటీ లేదు, పరీక్షలు లేవు. తొందరగా తగ్గాలని డోసు తనే పెంచుకుంది.

రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ 3.1 వచ్చింది. కిడ్నీలు బయటికి పంపలేక రక్తంలో మిగిలిపోయే వ్యర్థం అది, ఎంత పెరిగితే కిడ్నీలు అంత దెబ్బతిన్నట్టు. వాళ్ళ నాన్న డయాలసిస్ మీదే పోయారని ఆ రాత్రి తెలిసింది. సెలైన్లు ఎక్కించాం. పది రోజులకి క్రియాటినిన్ 1.6కి దిగి, అక్కడే ఆగిపోయింది. ఆ 1.6 ముందునుంచీ ఉన్నదా, ఈ వాంతులు మిగిల్చిందా? చెప్పలేను. ఇంకెవరూ కూడా చెప్పలేరు. సూది మొదలుపెట్టే ముందు ఒక్క చిన్న రక్తపరీక్ష ఎవరూ చేయించలేదు కదా.

అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. అలాగని ఈ మందుని తిట్టడానికి రాలేదు. నా పేషెంట్లలో కొందరికి నా చేత్తో నేనే రాస్తున్నాను. ఎవరికి రాస్తున్నాను, ఎవరికి రాయనంటున్నాను, ఎందుకంటున్నాను అన్నదే మీతో పంచుకోవాలని ఉంది.

ముందు ఈ సూదిలో ఏముందో చూద్దాం. మనం అన్నం తినగానే పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను బయటికొస్తుంది. తిండి వచ్చింది, ఇన్సులిన్ వదులు అని పాంక్రియాస్‌కి, అంటే క్లోమానికి చెబుతుంది. జీర్ణకోశాన్ని కాస్త నెమ్మదించమంటుంది. ఇక చాలు అని మెదడుకి కబురు పంపుతుంది. అయితే ఒంట్లో పుట్టే ఈ హార్మోను రెండు మూడు నిమిషాల్లో కరిగిపోతుంది. దాన్ని మందుగా నిలబెట్టడం ఎలా అన్నది పెద్ద చిక్కయింది. దారి చూపించింది ఒక బల్లి. అమెరికా ఎడారుల్లో గీలా మాన్‌స్టర్ అని ఒక విషపు బల్లి ఉంటుంది. 1990ల మొదట్లో న్యూయార్క్‌లో జాన్ ఇంగ్ అనే డాక్టరు దాని విషంలో అచ్చం మన హార్మోనులా పనిచేస్తూ, చాలాసేపు నిలిచే పదార్థాన్ని గుర్తించారు. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్‌కి 2005లో షుగర్ మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత లిరాగ్లూటైడ్ రోజుకో సూదిగా వచ్చింది. 2017లో సెమాగ్లూటైడ్ వారానికో సూదిగా ఓజెంపిక్ అనే పేరుతో వచ్చింది. ఇవన్నీ షుగర్ కోసం పుట్టినవే. వాడినవాళ్ళు బరువు కూడా బాగా తగ్గుతున్నారని చూసి, అదే సెమాగ్లూటైడ్‌ని ఎక్కువ డోసులో వెగోవీ పేరుతో 2021లో బరువు కోసమే అనుమతించారు. రెండు హార్మోన్ల పని చేసే టిర్జెపటైడ్ అంటే మౌంజారో. అది మన దేశానికి 2025 మార్చిలో వచ్చింది, అదే ఏడాది జూన్‌లో వెగోవీ వచ్చింది.

కాబట్టి "షుగర్ మందుని బరువుకి వాడటం తప్పు కదా" అన్న ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు లేదు. కొన్నిటికి బరువు కోసమే అనుమతి ఉంది. ఎవరికి అన్నది ఆ అనుమతిలోనే రాసి ఉంటుంది. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, 30 లేదా ఆపైన ఉన్నవాళ్ళకి. లేదంటే 27 లేదా ఆపైన ఉండి, దాంతోపాటు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ లాంటి జబ్బు ఉన్నవాళ్ళకి.

ఇది ఎంత తగ్గిస్తుందో కూడా నిజాయితీగా చెప్పాలి. 1,961 మంది మీద జరిగిన పరీక్షలో, 68 వారాలకి సెమాగ్లూటైడ్ వాడినవాళ్ళ బరువు సగటున 15 శాతం తగ్గింది. ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్ళకి తగ్గింది 2.4 శాతం. ఇద్దరికీ తిండి సలహాలు, వ్యాయామం ఒకటే. అంటే వంద కిలోల మనిషి 85కి వచ్చాడు. టిర్జెపటైడ్ పెద్ద డోసులో 20 శాతం దాటింది. నేను వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో ఇది ఊహకి కూడా అందేది కాదు.

గుండె సంగతి ఇంకా ముఖ్యం. 17,604 మంది మీద చేసిన సెలెక్ట్ అనే పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. వీళ్ళంతా బరువు ఎక్కువ ఉండి, అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉండి, షుగర్ మాత్రం లేనివాళ్ళు. వాళ్ళలో సెమాగ్లూటైడ్ వాడినవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో చావు ఈ మూడూ కలిపి 20 శాతం తగ్గాయి. ఇది అందం సంగతి కాదండీ, ప్రాణం సంగతి.

నా దగ్గరికి ఒక బస్సు డ్రైవరు వస్తారు. 118 కిలోలుండేవారు. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయేది, పగలు స్టీరింగ్ ముందు కునుకు పట్టేది. షుగర్, బీపీ, మోకాళ్ళ నొప్పి అన్నీ ఉన్నాయి. ఆయన తిండిపోతు కాదు. పదిహేనేళ్ళుగా వేళ కాని వేళ తిండి, వేళ కాని వేళ నిద్ర. ఆయన్ని చూసిన ప్రతివాళ్ళూ "కాస్త నోరు కట్టుకోవయ్యా" అనేవారు. నోరు కట్టుకుని ఎనిమిది కిలోలు తగ్గడం, మళ్ళీ పది పెరగడం ఆయనకి మూడుసార్లు జరిగింది. మందు మొదలుపెట్టిన రెండో నెలలో వచ్చి, "మేడమ్, బుర్రలో తిండి గోల ఆగిపోయింది. మామూలు మనుషులంతా ఇలాగే ఉంటారా?" అని అడిగారు. ఆ మాట విన్నాక ఇంకెవర్నీ నోరు కట్టుకోమని నేను అనలేకపోయాను. ఆకలి అనేది మనసు గట్టిదనం ఒక్కదాని మీద నడవదు. అది ఒంట్లో జరిగే పని. కొందరి ఒంట్లో "చాలు" అనే కబురు సరిగ్గా అందదు. లావుగా ఉన్నవాళ్ళని బద్ధకస్తులనడం మనం మానుకోవాలి. డాక్టర్లం అందరికంటే ముందు మానుకోవాలి.

ఇక రెండో వైపు చూద్దాం. 1990ల్లో అమెరికాలో ఫెన్‌ఫ్లూరమిన్ అని బరువు తగ్గే మాత్ర విపరీతంగా అమ్ముడుపోయింది. గుండె కవాటాలు పాడవుతున్నాయని తేలి 1997లో తీసేశారు. తర్వాత సిబుట్రమిన్ వచ్చింది. అది మన దగ్గర కూడా దొరికేది, నేను కూడా రాశాను. గుండెపోట్లు, పక్షవాతం పెరుగుతున్నాయని ఒక పెద్ద పరీక్షలో తేలాక 2011లో మన ప్రభుత్వం నిషేధించింది. ఆ మాత్ర రాసిచ్చిన చీటీలు ఎన్నో నాకు గుర్తులేదు, ఆ భయం మాత్రం పోలేదు. జీఎల్‌పీ-1 మందులు వాటిలాంటివి కావు. ఇవి షుగర్ వైద్యంలోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, గుండెకి మేలు చేస్తున్నాయని రుజువైంది. అయినా ఏ జబ్బూ లేని సన్నటి మనుషులు ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందో ఆ పరీక్షలు చెప్పవు. అలాంటివాళ్ళు ఆ పరీక్షల్లో లేరు.

వికారం, వాంతులు, మలబద్ధకం, విరేచనాలు చాలామందికి వస్తాయి. మొదటి వారాల్లోను, డోసు పెంచినప్పుడూ ఎక్కువ. అందుకే సెమాగ్లూటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకి ఒక మెట్టు చొప్పున ఎక్కాలి. పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. అరుదుగా పాంక్రియాస్ వాపు వస్తుంది. కడుపు పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి, ఆసుపత్రికి వెళ్ళండి. థైరాయిడ్ గురించి చాలామంది ఆడవాళ్ళు అడుగుతుంటారు. ఎలుకల్లో ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ కనిపించింది, అందుకని మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ మందు వద్దు. రోజూ పొద్దున్నే మాత్ర వేసుకునే మామూలు థైరాయిడ్ తక్కువకి, దీనికి సంబంధం లేదు.

షుగర్ ఉన్నవాళ్ళు గ్లిమిపిరైడ్ మాత్రో ఇన్సులినో వాడుతూ దీన్ని కలుపుకుంటే షుగర్ బాగా పడిపోవచ్చు. పాత మందు డోసు తగ్గించాలి, అది డాక్టరు చూసి చేయాలి. కంటి రెటీనా కూడా ముందే చూపించుకోవాలి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకి ఈ సూది సంగతి తప్పకుండా చెప్పండి. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి, రాత్రి తిన్నది పొద్దుటికి కూడా లోపలే ఉండొచ్చు. పిల్లలు కావాలనుకుంటే సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలల ముందు ఆపేయాలి. టిర్జెపటైడ్ అయితే గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తుంది. పెళ్ళికి ముందు సన్నబడాలని సూది వేయించుకునే అమ్మాయిలకి ఈ చివరి రెండు మాటలు చెప్పినవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

మన జిల్లాకి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస. ఈ మండలాలున్న ప్రాంతమే ఉద్దానం. ఉద్దానం అంటే జీడితోటలు, కొబ్బరితోటలు గుర్తుకు రావాలి. ఎన్నో ఏళ్ళుగా గుర్తుకొస్తున్నది డయాలసిస్. షుగర్, బీపీ లేని రైతులకి, కూలీలకి కూడా కిడ్నీలు పోతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడి జబ్బు తీరేంటంటే, సగానికి పైగా కిడ్నీ పనితనం పోయేదాకా మనిషికేమీ తెలియదు. కాళ్ళవాపు ఉండదు, బీపీ పెరగదు. పొలానికి వెళ్తూనే ఉంటాడు.

అలాంటి కిడ్నీ ఉన్న మనిషికి మూడు రోజులు వాంతులైతే? దాహం తగ్గి, ఆకలి చచ్చి, నీళ్ళు కూడా తాగకపోతే? ఎండాకాలం తోటలో పనిచేస్తూ ఉంటే? పైగా ఒళ్ళు నొప్పులకి దుకాణంలో నొప్పి మాత్ర కొని మింగితే? అన్నీ కలిసి ఒకేసారి దెబ్బకొడతాయి. సోంపేట అమ్మాయికి జరిగింది ఇలాంటిదే కావచ్చు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఈ మందు కిడ్నీలకి మంచిదని మీరు ఫోన్లో చూసే ఉంటారు. అది అబద్ధం కాదు. 2024లో వచ్చిన ఫ్లో అనే పరీక్షలో షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న 3,533 మందిని చూశారు. సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్ళలో కిడ్నీ పాడవడం, కిడ్నీ, గుండె జబ్బులతో చనిపోవడం కలిపి 24 శాతం తగ్గాయి. చాలా మంచి ఫలితం. కానీ వాళ్ళది షుగర్ కిడ్నీ, ఉద్దానానిది వేరు. వాళ్ళకి డోసు మెట్టు మెట్టుగా పెంచారు, పరీక్షలు చేస్తూ వెంట ఉన్నారు. మన అమ్మాయి వెంట ఎవరున్నారు? పెన్ను అమ్మినవాళ్ళ ఫోను నంబరు ఒక్కటే ఉంది. మందు అదే కావచ్చు, వైద్యం మాత్రం అది కాదు.

నిజానికి ఆ పెన్నులో ఉన్నది ఆ మందేనా అన్నది కూడా నాకు తెలియదు. బ్యాచ్ నంబరు గీకేసి ఉంది. నకిలీ సెమాగ్లూటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరిక ఇచ్చింది. అసలుదైనా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి, గడ్డకట్టకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో ఎన్ని రోజులు కరెంటు లేదో మీకు గుర్తుంది కదా. ఎండలో బస్సు పార్సిల్లో వచ్చిన పెన్నుని, ఎవరిదో తెలియని ఫ్రిజ్‌లోంచి వచ్చిన పెన్నుని ఒంట్లోకి ఎలా పొడుచుకుంటాం?

ఆపేస్తే ఏమవుతుందని అందరూ అడుగుతారు. ఇందాక చెప్పిన 68 వారాల పరీక్షలోనే కొందరిని మందు ఆపాక ఏడాది పాటు చూశారు. తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ. అందుకని "మూడు నెలల కోర్సు" అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. అలాంటి కోర్సు లేదు. మొదలుపెట్టేవాళ్ళు ఏళ్ళ లెక్కన ఆలోచించుకోవాలి.

కండ సంగతి కూడా ఉంది. ఆ పరీక్షలోనే కొద్దిమందికి స్కాన్ తీసి చూస్తే, పోయిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కాదు. అందులో నీరు, కండ, మిగతావీ ఉంటాయి. మందు ఆపినప్పుడు తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వే. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్న మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరున్న మైదానంలో మనం కూర్చున్నాం. అంత బలం మనకి అక్కర్లేదు. అరవై దాటాక కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలిగే కండ ఉండాలి. ఈ మందు వాడేవాళ్ళు నడకతో సరిపెట్టుకోకూడదు. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తే వ్యాయామం చేయాలి. తినే నాలుగు ముద్దల్లో గుడ్డు, చేప, పప్పు, పెరుగు ముందు తినాలి, అన్నం తర్వాత.

ఇప్పుడు పెళ్ళిళ్ళ మాట. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ముహూర్తం పెట్టుకున్నాక తల్లి కూతుర్ని తీసుకొస్తుంది. "రెండు నెలల్లో పది కిలోలు తగ్గాలండీ, అబ్బాయివాళ్ళు అన్నారు" అంటుంది. ఆ పిల్ల ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. బీఎంఐ 23 కొంచెం పైన. మనవాళ్ళకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క పెట్టుకున్నాం, ఎందుకంటే మనకి తక్కువ బరువుకే పొట్టలో కొవ్వు, షుగర్ వస్తాయి. ఆ లెక్క పెట్టింది పొట్ట కొలుచుకుని, షుగర్ పరీక్ష చేయించుకుని, జాగ్రత్త పడమని. సూది పొడవమని కాదు. ఆ అమ్మాయికి జబ్బేమీ లేదు. జబ్బు ఉన్నది అబ్బాయివాళ్ళ చూపులో. దానికి ఈ అమ్మాయి ఒంట్లోకి ఎందుకు మందు ఎక్కించాలి? నేను రాయనన్నాను. బయట దొరుకుతుందని నాకు తెలుసు. అయినా రాయను. ఆ తల్లి నొచ్చుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ పిల్ల మాత్రం గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

డబ్బు సంగతి కూడా న్యాయానికి సంబంధించిందే. మౌంజారో మన దేశంలోకి వచ్చినప్పుడు మొదటి డోసు సీసా 3,500 రూపాయలు. అది ఒక్క వారానికి. అదే ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. పదకొండు రోజులకి పైగా కూలి పెడితే ఒక్క సూది. అమెరికాలో 2022 నుంచి 2025 మొదటిదాకా సెమాగ్లూటైడ్ కొరత నడిచింది. బరువు కోసం కొనేవాళ్ళు పెరిగారు, షుగర్ ఉన్నవాళ్ళు మందు కోసం దుకాణాల చుట్టూ తిరిగారు. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు పది కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023 లెక్క. సెమాగ్లూటైడ్ పేటెంట్ ఇక్కడ 2026 మార్చి వరకే. ఆ గడువు దాటాక మన కంపెనీలు అదే మందు చేయవచ్చు, ధర దిగుతుంది. అది మంచిదే, ఆ డ్రైవరులాంటి వాళ్ళకి నిజంగా మంచిది. కానీ ధర దిగిన ప్రతి మెట్టుకీ చీటీ లేకుండా అమ్మే చేతులు కూడా పెరుగుతాయి. ఊబకాయం తగ్గిస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి చట్టంలోనే ఉంది. మీ ఫోన్లు తెరిచి చూడండి, ఆ చట్టం ఎంత అమలవుతోందో.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఇప్పటికే ఈ సూది వేసుకుంటున్నవాళ్ళు ఉండొచ్చు. ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా వేసుకుంటున్నవాళ్ళు కూడా ఉండొచ్చు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఎవరి దగ్గర కొన్నారని కూడా అడగను. ఒక రోజుకి మించి వాంతులైతే తర్వాతి సూది వేసుకోకండి. ఓఆర్‌ఎస్, పలచటి మజ్జిగ, గంజి, ఏది దిగితే అది గుక్కగుక్కగా తాగండి. నొప్పి మాత్రలు ముట్టుకోకండి. మూత్రం తగ్గితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళి, సూది పేరు దాచకుండా చెప్పండి.

వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి ఇదే మెట్ల దగ్గర ల్యాబు అబ్బాయి ఉంటాడు. క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ రెండూ చూస్తాడు. సూది వాడేవాళ్ళే రావాలని లేదు, ఉద్దానంలో పుట్టిపెరిగినవాళ్ళు ఎవరైనా రావచ్చు. ఈ పరీక్షకి పరగడుపు అక్కర్లేదు. నీళ్ళు తాగి రండి.